బూజు అన్న మాట

"రక్తానికి బూజు పట్టడమేమిటమ్మా? మూత తీసి పెట్టారా మీరు?"

ఏలూరులో ఒక ప్రైవేటు పిల్లల ఆస్పత్రి. అందులో నెలలు నిండకుండా పుట్టిన పసికందులను ఉంచే ఎన్‌ఐసీయూ. దాని తలుపు ముందు, చెప్పులు విడిచే చోట నిలబడి వెంకటసుబ్బలక్ష్మి ఈ ప్రశ్న అడిగింది. అడిగింది ఆ వార్డు హెడ్ సిస్టర్ కృపమ్మను. బతుకుతాడా, ఎంతవుతుంది, ఎప్పుడు ఇస్తారు అనే ప్రశ్నలకు కృపమ్మ దగ్గర ఎప్పుడూ జవాబులుంటాయి. దీనికి కూడా ఉంది. "అవునండీ, దాదాపు అలాగే జరిగిందండీ" అన్నది ఆ జవాబు. ఆమె అది చెప్పలేదు.

"అబ్బే, అలా కాదండీ మామ్మగారూ. అది గాలిలో, నీళ్ళల్లో, మనుషుల ఒంటి మీద, అన్ని చోట్లా ఉంటుందండీ" అంది.

వెంకటసుబ్బలక్ష్మి "అన్ని చోట్లానా" అని ఒకసారి తనలో తాను అనుకుని, తాడేపల్లిగూడెం రైలుకి బయల్దేరింది. తర్వాత జరిగిందంతా ఆ "అన్ని చోట్లా" వల్లే జరిగింది.

నర్సుల గురించి రాయాల్సి వస్తే మనవాళ్ళు దీపాలూ దేవతలూ తల్లి మనసులూ బయటికి తీస్తారు. కృపమ్మకి ఇవేవీ నప్పవు. భోజనం వేళ ఎవరైనా పిలిస్తే విసుక్కుంటుంది. కొత్తగా చేరిన అమ్మాయిలు ఆమె అడుగుల చప్పుడు విని సెల్‌ఫోన్లు దాస్తారు. ఆదివారం చర్చికి వెళ్తుంది కానీ, పిల్లాడు బతికితే దేవుడి దయ, పోతే సిస్టర్ల నిర్లక్ష్యం అనే లెక్క మాత్రం ఆమెకు అస్సలు పడదు. "దయ ఆయనదైతే డ్యూటీ చార్టులో ఆయన పేరు కూడా వేయించండి" అని ఒకసారి పాస్టరుగారితోనే అనేసింది.

ఆమెది పెదపాడుకి అవతల, కొల్లేటి వైపు ఊరు. తండ్రి ఏసోబు ఇతరుల చేపల చెరువుల మీద కాపలా ఉండేవాడు. చెరువు గట్టు మీద పాకలో చదువుకుని, నర్సింగు చేసి, ఏలూరులో చేరి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ ఇరవై ఏళ్ళలో ఆమె సంపాదించిన పేరు సూది సరిగ్గా గుచ్చడంలో కాదు. ఆ పని ఆమెకన్నా బాగా చేసేవాళ్ళు అదే వార్డులో ఉన్నారు. ఆమె పేరు మాటకి. డాక్టర్ ఇంగ్లీషులో చెప్పి వెళ్ళిపోయిన దాన్ని తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చెప్పడంలో ఆమె మొనగత్తె.

వచ్చినవాడు చేపల రైతైతే ఆక్సిజన్ గురించి ఇలా చెప్తుంది: "తెల్లారగట్ల చెరువులో చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది చూడండి. అప్పుడు మీరేం చేస్తారు? ఏరియేటర్ వేస్తారా లేదా? మీ బాబుకీ ఇప్పుడు అదే వేశామండి." వరి రైతైతే, "ఏడో నెల బిడ్డంటే వేరు పట్టని నారండీ. ఊడ్చేశాం, నిలబడతాడా లేదా అన్నది వారం ఆగితే గానీ తెలీదు." విన్నవాడు తల ఊపుతాడు. సంతకం పెడతాడు. వార్డు పెద్ద డాక్టరు హేమంత్‌కుమార్‌కి ఇది ఎంత అలవాటైపోయిందంటే, తల్లిదండ్రుల ముందు రెండు ముక్కలు మాట్లాడి, "మిగతాది సిస్టర్ చెప్తారు" అని వెళ్ళిపోయేవాడు. ఈ పనికి జీతంలో ఒక్క రూపాయి కూడా అదనంగా లేదు. కృపమ్మకి మాత్రం దీని మీద గర్వం ఉంది. తగుమాత్రమే కాదు, బాగానే ఉంది.

ఆ గర్వమే ఈసారి కొంప ముంచింది.

వెంకటసుబ్బలక్ష్మిది తాడేపల్లిగూడెం. భర్తది పౌరోహిత్యం, కొడుకు సాయిరామ్‌ది కరెంటాఫీసులో అకౌంట్స్ సెక్షన్, కోడలు హరిణిది జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు. హరిణికి ఏడో నెలలోనే కాన్పయింది. పిల్లాడు కిలో మీద కొంచెం. పుట్టిన పూటే అంబులెన్సులో ఏలూరు తెచ్చి బాక్సులో పెట్టారు. ఊపిరికి మిషను, ఇన్ఫెక్షనేమో అన్న అనుమానానికి గట్టి యాంటీబయాటిక్కులు, పాలు ఇంకా సరిగ్గా అరగవు కాబట్టి తిండి రక్తంలోకే ఎక్కించడానికి చేతి నరంలోంచి గుండె దాకా వెళ్ళే సన్నని పొడుగు పైపు. ఇవన్నీ లేకపోతే వాడు మొదటి వారమే పోయేవాడు.

మూడో వారంలో, ఇక పరవాలేదని అందరూ ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు, వాడు ఊపిరి తీసుకోవడం మర్చిపోతూ వచ్చాడు. ఒళ్ళు బూడిదరంగుకి తిరిగింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. రక్తం కల్చరుకి పంపితే అందులో పెరిగింది బాక్టీరియా కాదు, కాండిడా అనే ఫంగస్. మన నోట్లో, చర్మం మీద, పేగుల్లో ఎప్పుడూ కాపురం ఉండేదే. మనల్ని ఏమీ చెయ్యదు. ఉల్లిపొర లాంటి చర్మం ఉన్న పసివాడికి సంగతి వేరు. యాంటీబయాటిక్కులు వాడి పేగుల్లోని మిగతా క్రిములను ఊడ్చేస్తే దీనికి అడ్డొచ్చేవాళ్ళుండరు. పైపు ఉంటే రక్తంలోకి దారి కూడా సిద్ధం. ఒక్కసారి లోపలికి వెళ్ళిందంటే కళ్ళు, మెదడు, మూత్రపిండాలు దేన్నీ వదలదు. చాలామంది పిల్లలు దీనితో పోతారు.

హేమంత్‌కుమార్ ఆ పూటే పైపు తీయించాడు. ఫంగస్‌కి ఇంజెక్షన్ మొదలుపెట్టాడు, కళ్ళ డాక్టర్ని పిలిపించాడు, స్కానింగులు చేయించాడు. వైద్యంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. వంక ఆ తర్వాత అతను కృపమ్మతో అన్న మాటలో ఉంది.

"సిస్టర్, వాళ్ళకి మీరు చెప్పండి. కానీ హాస్పిటల్లో వచ్చిందన్న మాట మన నోట్లోంచి రాకూడదు. వచ్చిందంటే రేపు గేటు దగ్గర యూట్యూబ్ మైకులుంటాయి."

కృపమ్మ మాట కోసం వెతుక్కుంది. "ఫంగస్" అనడానికి లేదు. కరోనా తర్వాత ఆ మాట వింటే జనానికి కళ్ళు తీసేసిన మొహాలే గుర్తొస్తాయి. అంతకుముందొక తండ్రి ఆ మాట విని మెట్ల మీదే కూలబడిపోయాడు. అందుకని తన చిన్నప్పటి మాట బయటికి తీసింది. "బాబు రక్తంలో బూజు లాంటిది పట్టిందండీ. మందు ఇస్తున్నాం."

మంచి మాట. భయపెట్టదు. అసలు అర్థానికి దగ్గరగానే ఉంటుంది. ఆమె చూసుకోనిది ఒక్కటే: బూజు అనే మాట ఆమె ఊళ్ళో ఒకచోట పుట్టింది, వెంకటసుబ్బలక్ష్మి ఇంట్లో ఇంకోచోట పుట్టింది.

తాడేపల్లిగూడెంలో ఆ ఇంట్లో బూజు అంటే ఊరగాయ జాడీ. ఆవకాయకో మాగాయకో పైన తెల్లగా తేలిందంటే ఆ ఇంట్లో విచారణ మొదలవుతుంది. తడి గరిటె ఎవరు పెట్టారు? మూత ఎవరు వదిలేశారు? ముట్టుకోకూడని రోజుల్లో ఎవరు ముట్టుకున్నారు? దోషి ఎప్పుడూ ఆడమనిషే, అందులోనూ ఆ ఇంటికి కొత్తగా వచ్చినదే. ఆ ఏడు మాగాయ జాడీకి బూజు పట్టింది. గర్భవతిగా ఉన్న హరిణి నోరు చేదుగా ఉందని ఓ మధ్యాహ్నం తడి గరిటెతో తీసి వేసుకున్న మాట నిజం. కడుపుతో ఉన్న పిల్లని ఏమంటామని అత్తగారు అప్పుడు ఊరుకుంది. ఊరుకున్న మాటలు ఎక్కడికీ పోవు. ఆస్పత్రి నుంచి "బూజు"ను, దానితో పాటు "అన్ని చోట్లా"ను మోసుకుని ఇంటికి చేరగానే అవి బయటపడ్డాయి.

"జాడీకి పట్టింది, పిల్లాడికి పట్టింది. చెయ్యి ఒకటేగా! పురుడు శుద్ధయ్యాక కూడా నీ చెయ్యి నాకు అనుమానమే. వాడు లేచి తిరిగేదాకా నువ్వు తాకకు. పాలు మాత్రం ఎక్కణ్ణుంచి వస్తాయి? రక్తంలోంచేగా!"

సాయిరామ్ "అమ్మా, అలా కాదేమోనే" అన్నాడట. అంతకుమించి అనలేదు.

ఆస్పత్రిలో కృపమ్మకి మొదట కనిపించింది ఖాళీ ఫ్రిజ్ అర. పిల్లాడికి మందు పనిచేస్తోంది. గొట్టంతో చుక్క చుక్కగా పాలు మళ్ళీ మొదలుపెట్టాలి. రోజూ వచ్చే హరిణి పాల సీసాలు రావడం లేదు. ఆ మనిషి వస్తోంది, అద్దం బయటే నిలబడుతోంది, బాక్సు కిటికీలోంచి చెయ్యి పెట్టమంటే వద్దంటోంది. అంత చిన్న పేగులకి, అదీ ఇంత జబ్బు మధ్యలో, పొడిపాలు పోస్తే పేగు కుళ్ళే ప్రమాదం ఉంది. "ఇంకో రోజు చూద్దాం. పాలు రాకపోతే తప్పదు, పొడిపాలే" అన్నాడు హేమంత్‌కుమార్. మందు తప్ప ఆ పిల్లాడికి ఈ భూమ్మీద కావలసింది ఆ పాలొక్కటే. అవి ఎందుకు రావడం లేదో ఎవరికీ తెలియదు.

తల్లులు పాలు పిండుకునే గదిలో కృపమ్మ ఆమెను పట్టుకుంది. హరిణి గిన్నెడు పాలు సింకులో వంపేస్తోంది.

"అమ్మా! ఏం చేస్తున్నారండీ?"

"బూజు నా చేతిలోదేనట సిస్టర్."

"ఎవరన్నారు?"

"మా అత్తయ్యగారు. మీరే చెప్పారట కదండీ, మనుషుల ఒంటి మీద, అన్ని చోట్లా ఉంటుందని."

కృపమ్మ ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుంది. "మీరు కెమిస్ట్రీ చెప్తారు కదమ్మా?" అంది.

"చెప్తానండీ, కాలేజీలో." హరిణి పంపు కట్టేసింది. "కానీ మాగాయ జాడీలో తడి గరిటె పెట్టిన మాట నిజమే సిస్టర్."

చదువుకున్నవాళ్ళు ఇలాంటివి నమ్మరని మనం అనుకుంటాం. చదువు నమ్మకాన్ని ఆపదు. నమ్ముతున్నందుకు సిగ్గుపడేలా చేస్తుంది, అంతే. మూడు వారాలుగా నిద్ర లేని తల్లి తన బిడ్డకి జబ్బు ఎలా వచ్చిందో చెప్పే కథ కోసం చూస్తుంటుంది. ఆస్పత్రి ఏ కథా ఇవ్వలేదు. అత్తగారు ఇచ్చింది.

కృపమ్మ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఆమె బూజు వేరు. చలికాలంలో చెరువులో వల లాగాక కొన్ని చేపల మీద దూది అంటించినట్టు తెల్లగా బూజు పట్టేది. "వల రాసుకున్న చోటే పడుతుందమ్మా, పొలుసు లేచిపోద్ది కదా" అనేవాడు ఏసోబు. పట్టింది చేప ఒంటికే గానీ తప్పు వలది, వల లాగిన చేతిది. చెరువు గట్టు మీద బూజు పడితే చేప తల్లిని ఎవరూ తిట్టరు. ఆ మాటని అక్కణ్ణుంచి తెచ్చింది కాబట్టే అందులో ఒక ఆడపిల్ల మెడకి చుట్టుకునే తాడు ఉందని ఆమెకు తోచలేదు.

పైపు సంగతి ఆమెకు గుర్తుంది. ఆ వారం ఇద్దరు సిస్టర్లు చెప్పకుండా మానేశారు. ఉన్నవాళ్ళు పరుగుల మీద పనిచేశారు. పైపు చుట్టూ అంటించిన పట్టీ ఓ మూల లేచిపోతే, మొత్తం తీసి శుభ్రం చేసి మార్చాల్సింది, పైన ఇంకో ప్లాస్టర్ వేసి సరిపెట్టారు. చేతులు కడగడానికి పట్టాల్సినంత సేపు ఎవరికీ దొరకలేదు. ఫంగస్ కచ్చితంగా అక్కణ్ణుంచే వెళ్ళిందా? ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. కాన్పులో తల్లి నుంచి బిడ్డ ఒంటి మీదకి రావడం కూడా ఉంది. కానీ మూడో వారంలో, పైపు ఉన్న బిడ్డకి వచ్చిందంటే ఆస్పత్రి ముందు తన చేతులు చూసుకోవాలి. ఆ చూసుకోవడం తప్పించుకోవడానికి మాగాయ జాడీ ఎంత బాగా పనికొచ్చిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆస్పత్రివాళ్ళెవరూ అబద్ధం ఆడలేదు. ఆడాల్సిన అవసరమే రాలేదు.

మర్నాడు వెంకటసుబ్బలక్ష్మి వచ్చింది. ఆమె ఆస్పత్రిలో మంచినీళ్ళు కూడా ముట్టదు. ఇంటి దగ్గర నింపుకున్న సీసా సంచిలో ఉంటుంది. బెంచీ మీద ఓ చివర కూర్చుని, పక్కన సంచి పెట్టుకుంది. సంచికి అవతల కృపమ్మ కూర్చుంది. ఆ సంచి అక్కడ ఎందుకుందో కృపమ్మకి తెలుసు. ఆమె వచ్చిన పని వేరు.

"మామ్మగారూ, మీరు మడి కట్టుకుంటారు కదండీ?"

"కట్టుకుంటాను. నీకెందుకది?"

"మడిలో ఉండగా ఎవరన్నా తగిలితే?"

"మళ్ళీ నీళ్ళోసుకోవడమే. అందులో ఇంకో మాట లేదు."

"తొందర్లో ఉన్నారనుకోండి. వంట సగంలో ఉంది, వడ్డనకి వేళైపోయింది."

"అయితే మాత్రం? మడి మడే. చూశారా చూడలేదా అన్నది కాదు." వెంకటసుబ్బలక్ష్మి ఆమె మొహంలోకి చూసింది. "డొంకతిరుగుడు నాకు పనికిరాదమ్మాయ్. సంగతి చెప్పు."

"బాబు చేతికి పైపు ఉండేది కదండీ, దాని దగ్గర మాకూ ఒక మడి ఉంటుందండి. చేతులు ఇలా కడగాలి, గ్లవుజు ఇలా వెయ్యాలి, ఇది ముట్టుకుంటే అది ముట్టుకోకూడదు అని. ఆ వారం మా మడి తప్పిందండి."

"ఎవరిది?"

"ఎవరిదో తెలీదండి. నాదే అయ్యుండొచ్చు కూడా."

"అయితే ఆ పిల్ల చెయ్యి?"

"ఆ చెయ్యి పైపుని ఎప్పుడూ ముట్టుకోలేదండి. ముట్టుకోనివ్వం కూడా. మాగాయకి పట్టిన బూజు వేరు, ఇది వేరు. బూజు అని నేనన్నదే తప్పండి. ఆ పాలు లేకపోతే మీ మనవడు నిలబడడండీ."

వెంకటసుబ్బలక్ష్మి అంది: "నేను మొదటి రోజే అడిగాను, మూత తీసి పెట్టారా అని."

"అడిగారండి."

"అవునని ఆ రోజే ఏడిస్తే నీ సొమ్మేం పోయింది?"

"తప్పేనండి."

"తప్పేనట!" అని సంచి తీసుకుని లేచింది. పాల గది తలుపు దగ్గరికి వెళ్ళి లోపలికి తొంగి చూసి, "హరిణీ, పాలు పారబోస్తున్నావట. పారబొయ్యకు" అంది. క్షమించమనలేదు. దగ్గరకు తీసుకోలేదు. ఆ పూట ఫ్రిజ్‌లోకి సీసా వచ్చింది.

ఇక్కడ ఒక మాట. ఈ సంగతి విన్నవాళ్ళు కొందరు, చూశారా, మన మడిలో ఎంత సైన్సుందో అని తల ఎగరేశారు. లేదు. ఫలానా మనిషి తగలకూడదు అనేది మడి. ఏ చెయ్యైనా సరే, కడగకుండా తగలకూడదు అనేది ఎన్‌ఐసీయూ. మొదటి లెక్కలో కృపమ్మ పుట్టుకే మైల, రెండో లెక్కలో ఆమె చేతులు ఎంతసేపు కడిగిందన్నదే ప్రశ్న. కృపమ్మ మడిని మెచ్చుకోలేదు. ఎదుటి మనిషికి వచ్చిన భాషలో తన తప్పు ఒప్పుకుంది. ఆ భాష తనని ఎక్కడ నిలబెడుతుందో తెలిసే ఆ పని చేసింది. వెంకటసుబ్బలక్ష్మి మారిపోయిందని రాస్తే చదవడానికి బాగానే ఉంటుంది. మారలేదు. ఆస్పత్రి నీళ్ళు చివరిదాకా ముట్టలేదు, బెంచీ మీద సంచి ఎప్పుడూ మధ్యలోనే ఉంది. కాకపోతే ఆ రోజు నుంచి అద్దం దగ్గర కాపలా కూర్చుని లోపలికి వెళ్ళే ప్రతి చెయ్యినీ చూసేది.

"అమ్మాయ్, ఆ గాజులేమిటి? తియ్యి."

"డాక్టరుగారూ, తమరి ఉంగరమండీ."

హేమంత్‌కుమార్ నవ్వబోయి, నవ్వకుండా ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. వార్డులో అమ్మాయిలు మాత్రం ఆమె తాడేపల్లిగూడెం రైలెక్కేదాకా తిట్టుకుంటూనే ఉన్నారు.

ఆమె తప్పు ఒప్పుకున్న సంగతి తెలిశాక హేమంత్‌కుమార్ కృపమ్మతో గట్టిగా ఏమీ అనలేదు. "చెప్పే ముందు నన్ను ఒక్క మాట అడగాల్సింది సిస్టర్" అన్నాడు. "అడిగితే వద్దనేవారు కదండీ" అంది ఆమె. ఆ నెలాఖరుకి ఆమెను ఎన్‌ఐసీయూ నుంచి కింద టీకాల గదికి మార్చారు. ఆర్డరులో కారణం రాయలేదు. ఇప్పుడు ఏడిచే పిల్లలకి సూదులు వేస్తుంది. వాళ్ళ తల్లులకి జ్వరం ఎందుకొస్తుందో చెప్తుంది. మాట ఎంచుకునే ముందు, "అమ్మా, మీదే ఊరు?" అని అడగడం కొత్తగా అలవాటు చేసుకుంది. పైన ఎన్‌ఐసీయూలో పైపుల పట్టీ లేస్తే మొత్తం మార్చాల్సిందేనని గట్టి రూలు వచ్చింది. అది ఎందుకు వచ్చిందో కొత్తవాళ్ళకి తెలియదు.

పిల్లాడు బతికాడు. పేరు అభినవ్. అడుగులు ఆలస్యంగా పడ్డాయి, ఎడమ కన్ను కాస్త తేడా, అద్దాలు వచ్చాయి. టీకాలు తాడేపల్లిగూడెంలోనే వేయించుకోవచ్చు. హరిణి ఏలూరే తీసుకొస్తుంది, కృపమ్మ గదికే.

డిశ్చార్జి రోజు సాయిరామ్ బిల్లు తీసుకుని అకౌంట్స్ మనిషిలా పంక్తి పంక్తీ చదివాడు. బాక్సు, ఊపిరి మిషను, మొదటి యాంటీబయాటిక్కులు, రోజువారీ చార్జీలు అన్నీ కట్టాడు. ఫంగస్ ఇంజెక్షన్ల దగ్గర ఆగిపోయాడు.

"ఇది మేం కట్టమండి."

"ఎందుకని సార్?" అన్నాడు కౌంటర్లో కుర్రాడు.

"మీ మడి తప్పినందుకు మేం కడతామా?" వెనక నుంచి వెంకటసుబ్బలక్ష్మి.

కౌంటర్లో కుర్రాడు ఫోను చేశాడు. పైనుంచి, పంపించెయ్యమన్నారు. ఆ మొత్తాన్ని ఆస్పత్రి మాఫీ చెయ్యలేదు. చేస్తే ఎందుకు చేశారో కాగితం మీద రాయాలి. వసూలుకి నోటీసు కూడా పంపలేదు. పంపితే అవతలి నుంచి జవాబొస్తుంది. అభినవ్ పేరు మీద ఇంజెక్షన్ల తాలూకు నలభై ఒక్క వేల ఆరువందల రూపాయలు ఇప్పటికీ బాకీ ఉంది.